సోఫా అత్త ఏడుపు

మా వరసలో ఉన్న ఆరు వాటాల్లో సోఫా ఒక్క ఇంట్లోనే ఉండేది. అందుకే ఆవిణ్ణి చిన్నా పెద్దా అందరూ సోఫా అత్త అనేవాళ్ళు. ముదురెరుపు సోఫా, ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ కవరు ఆవిడ ఇప్పటికీ తీయనివ్వదు. ఎవరు కూర్చున్నా కిర్రుమంటుంది. "మెల్లిగా కూర్చోండి, ఇది మామూలు సోఫా కాదు" అంటుంది. మామూలు సోఫా ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు కాబట్టి మారు మాట్లాడేవాళ్ళం కాదు.

సోఫా అత్తది చెడ్డ మనసని నేననను. వరసలో ఎవరికి జ్వరమొచ్చినా ముందుగా గడప తొక్కేది ఆవిడే. మా నాన్న గోడౌన్‌లో మూటలు మోస్తూ నడుం పట్టేసి మంచాన పడ్డప్పుడు, ఆయన లేచేదాకా మా ఇంటికి నీళ్ళు మోసింది. కష్టంలో ఉన్నవాళ్ళంటే ఆవిడకి ప్రాణం. బాగుపడేవాళ్ళంటేనే గిట్టదు. నాన్న కోలుకుని అదే గోడౌన్‌లో గేటు దగ్గర కుర్చీ ఉద్యోగం సంపాదించిన రోజున, "కూర్చుని జీతం తీసుకునే రాత అందరికీ ఉంటుందా వదినా!" అని మా అమ్మతో అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆవిణ్ణి అని ఏం లాభం, నేను మాత్రం తక్కువ తిన్నానా? నాకు ఆ సోఫా మీద ఏ ఆశా లేదు కానీ, వాళ్ళమ్మాయికున్న బల్లని చూస్తే కళ్ళు కుట్టేవి. వాళ్ళమ్మాయిది నా క్లాసే. ఎప్పుడూ తల చక్కగా దువ్వుకుని, రిబ్బను నలగకుండా ఉండేది కాబట్టి బొమ్మ అనేవాళ్ళం. బొమ్మ బల్లకి సొరుగుంది, సొరుక్కి తాళముంది, పైన మెడ వంచే దీపముంది. నా బల్ల మా ట్రంకుపెట్టె. లెక్క సగంలో ఉండగా అమ్మకి దుప్పటి కావాలి, నాన్నకి తువ్వాలు కావాలి. లేచి, పుస్తకాలు తీసి, మూత ఎత్తి, మళ్ళీ వేసి కూర్చునేసరికి లెక్క ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయేదాన్ని. అప్పుడు నాకు అమ్మ మీద రావలసిన కోపం కూడా బొమ్మ మీదే వచ్చేది.

మా ఊళ్ళో చదువుకునే పిల్లలందరి కళ్ళూ పెద్ద కాలేజీ మీదే ఉండేవి. వేలమంది పరీక్ష రాస్తే గుప్పెడుమందికి సీట్లు. అందులో లేనివాళ్ళ పిల్లలు కొద్దిమందికి ఫీజు, హాస్టలు, భోజనం అన్నీ మాఫీ. ఆ పూర్తి మాఫీ వస్తే చదువు, రాకపోతే అమ్మ పనిచేసే లాండ్రీలో ఇస్త్రీ బల్ల. నాకు ఈ రెండే దారులని ఇంట్లో ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

బొమ్మని కోచింగులో చేర్పించారు. మాకు ఆ ఊసే లేదు. కానీ మా రెండు వాటాలకీ మధ్య ఒక్క ఇటుక మందం గోడే. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకి నోరు కూడా ఉండేది. సోఫా అత్తకి చదువు రాదు. కూతురు చదువుతోందో లేదో ఆవిడకి తెలిసేది గొంతుని బట్టే. గొంతు వినిపిస్తే చదువుతున్నట్టు, ఆగితే నిద్రపోతున్నట్టు. "ఏమే, గొంతేదీ?" అని వంటింట్లోంచి అరిచేది. పాపం బొమ్మ కోచింగులో చెప్పినదంతా గొంతెత్తి వల్లెవేసేది. గోడకి అటు అది చదివితే ఇటు నాకు వచ్చేది. నేను ట్రంకుపెట్టెని గోడకి ఆనించి జరుపుకున్నాను. ఎందుకని అమ్మ అడిగితే, వాన పడితే ఆ మూల కారుతుందన్నాను. ఆ మాటా నిజమే.

దొరికిపోయింది నా గొప్పలకి పోయే బుద్ధి వల్లే. ఒకరోజు లెక్కల మాస్టారు బోర్డు మీద వేసిన లెక్కని నేను కోచింగు వాళ్ళ దగ్గరిదారిలో నాలుగు లైన్లలో తేల్చేశాను. "ఇది నీకెవరు చెప్పారు?" అన్నారాయన, ఆశ్చర్యంగా. బొమ్మ నా వైపు చూసింది.

ఆ సాయంత్రం సోఫా అత్త గొంతు వరసంతా వినిపించింది. "డబ్బు పోసి చెప్పించుకునేది మేమూ, కూర్చున్నచోటు నుంచి కదలకుండా మేసేది పక్కింటివాళ్ళూనా? ఏమే, ఇవాళ్టి నుంచి మనసులో చదువుకో. పెదవి కదిపావంటే చూడు!"

గోడ మూగబోయింది. నేను మిగిలిన పాఠాలకి బడి లైబ్రరీలో అట్టలూడిన పాత పుస్తకాలు పట్టుకుని కుస్తీపట్టాను. బొమ్మకి ఆ పాటి కుస్తీ కూడా కుదరలేదు. దానికి చిన్నప్పటి నుంచి గొంతెత్తితేనే బుర్రకెక్కే అలవాటు. మనసులో చదవమంటే పేజీ వంకే చూస్తూ ఆవులించేదట. పెదవి కదిపితే తిట్లు, కదపకపోతే చదువు రాదు. వాళ్ళమ్మకేమో అది చదువుతోందో, కళ్ళు తెరుచుకుని నిద్రపోతోందో తెలిసే మార్గమే లేకుండా పోయింది.

పరీక్ష ఫలితాలొచ్చాయి. నా పేరుంది, బొమ్మ పేరు లేదు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతుందట! సీటొస్తే సరా, ఫీజు ఎవరు కడతారో చూద్దాం" అంది సోఫా అత్త, నాకు వినబడేటట్టు. బొమ్మ మాత్రం ఏడవలేదు. "వచ్చే ఏడు మళ్ళీ రాస్తాలే" అంది, బస్సు తప్పిపోతే ఇంకో బస్సు ఎక్కుతానన్నంత తేలిగ్గా. గెలిచింది నేనే, అయినా ఆ మాటకి కడుపులో భగ్గుమంది. దానికి వచ్చే ఏడు ఉంది. నాకు లేదు.

మాఫీ ఇచ్చే ముందు కాలేజీవాళ్ళు ఇంటికి వచ్చి చూస్తారని కబురొచ్చింది. మనం నిజంగా లేనివాళ్ళమో కాదో తేల్చుకోడానికి వస్తున్నారని అమ్మకి విడమరిచి చెప్పాను. అమ్మ నమ్మలేదు.

"పిచ్చిదానా, లేనివాళ్ళమని తెలిస్తే ఎవరైనా గడప దాటనిస్తారా? లాండ్రీ కౌంటర్లో రోజూ చూస్తున్నాగా. మంచి బట్టలేసుకుని వస్తే కుర్చీ వేస్తారు. చిరుగులతో వస్తే బయట నిలబెడతారు. కాలేజీ అయినా అంతే. నువ్వు నోరు మూసుకో, నేను చూసుకుంటాను" అంది.

చూసుకుంది. ఆ రోజు నేను బడి నుంచి వచ్చేసరికి మా ఇల్లు నాకే కొత్తగా ఉంది. లాండ్రీకి వచ్చిన ఎవరివో పూల కర్టెన్లు మా కిటికీకి వేలాడుతున్నాయి. చివరి వాటావాళ్ళ గాజు కప్పులు, ఎదుటివాళ్ళ టేబుల్ ఫ్యానూ వచ్చాయి. నాన్న ఎవరిదో తెల్లచొక్కా తొడుక్కుని, మోచేతులు గోడకి తగలకుండా నిలబడ్డాడు. నడిమధ్య, ప్లాస్టిక్ కవరుతో సహా, ముదురెరుపు సోఫా! నెలరోజులు ఊరికే ఇస్త్రీ చేసిపెడతానంటే సోఫా అత్త ఒప్పుకుందట. ఇస్త్రీ ఒక్కటే కాదు, ఇచ్చే చెయ్యి పైనుంటుంది కదా, ఆ సంబరం కూడా. సోఫా వెంట ఆవిడా వచ్చి గుమ్మం దగ్గర కాపలా నిలబడింది. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో తెలియడానికి ఆ రోజు మా ఇంటిని చూస్తే చాలు.

కాలేజీ ఆవిడ వచ్చింది. భుజానికి సంచీ, చేతిలో పెన్ను, మాట మెత్తన. సోఫా మీద కూర్చుంది. కిర్రుమంది. కర్టెన్ల వంక చూసింది, ఫ్యాను వంక చూసింది, గాజు కప్పులో టీ వంక చూసింది. చూస్తున్నకొద్దీ ఆవిడ ముఖంలో మర్యాద పెరిగింది, జాలి తగ్గింది.

"చక్కగా ఉంచుకున్నారండీ ఇల్లు. సంతోషం. కానీ మా పూర్తి మాఫీ ఏమీ లేనివాళ్ళకి. మీరు సగమైనా కట్టుకోగలరనుకుంటాను" అంది, పెన్ను మూత పెడుతూ.

సగం కాదు, పదోవంతు కూడా మావల్ల కాదు. నేను నోరు తెరవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఎంత భయముందో నాకు తెలిసింది. ఇప్పుడు నేను నిజం చెబితే, మా అమ్మ అబద్ధమాడిందని పరాయి మనిషి ముందు కూతురే చెప్పినట్టు.

కాలేజీ ఆవిడ లేస్తూ, మర్యాదకి ఒక మాటంది: "సోఫా చాలా బాగుందండీ."

"మా అమ్మాయి వాళ్ళ నాన్నగారు ఏరికోరి తెచ్చారండీ" అంది అమ్మ.

అంతే. గుమ్మం దగ్గర కుంపటి రాజుకుంది.

"ఏమిటీ! ఎవరు ఏరికోరి తెచ్చారు? ఆ సోఫా నాదండీ! మా ఆయన వాయిదాల మీద కొన్నాడు! కర్టెన్లు లాండ్రీవి. కప్పులు చివరింటివి. అదిగో, అన్నయ్య తొడుక్కున్న చొక్కా కూడా అన్నయ్యది కాదు! వీళ్ళింట్లో సొంతానికి ఉన్నవి ఒక ట్రంకుపెట్టె, ఒక స్టవ్వు. వానొస్తే ఆ మూల బకెట్టు పెట్టుకుని పడుకుంటారు. ఈ పిల్ల చదివిన చదువుందే, అదీ సొంతం కాదండీ! మేం డబ్బు కట్టి చెప్పించుకుంటుంటే గోడకి చెవి పెట్టి నేర్చుకుంది! అడగండి, కాదనమనండి!"

అమ్మ తల నేలలోకి దిగిపోయింది. అమ్మని అలా నేనెప్పుడూ చూడలేదు. నాన్న కాసేపు ఒంటి మీది చొక్కా వంక చూసుకుని, "నిజమేనండీ. ఈ చొక్కా నాది కాదు" అన్నాడు.

కాలేజీ ఆవిడ మళ్ళీ కూర్చుంది. సోఫా మీద కాదు, మూలనున్న నా ట్రంకుపెట్టె మీద. గోడని వేలితో తట్టి చూసింది. అటునుంచి బొమ్మ, "ఎవరూ?" అంది. కాలేజీ ఆవిడ పెన్ను మూత తీసింది.

మాఫీ పూర్తిగా వచ్చింది.

అమ్మ సంతోషించింది, కానీ వారం రోజులు లాండ్రీకి పోయేటప్పుడు తప్ప వరండాలోకి రాలేదు. చెడపకురా చెడేవు అంటారు. చెడపబోయి బాగుచేసిన మనిషిని ఏమనాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వరసలోవాళ్ళు ఒకటే నవ్వుకున్నారు. సోఫా అత్త తిండి మానేసిందని కూడా అన్నారు. మూడోనాడు ఆవిడే వచ్చింది. అమ్మ లాండ్రీకి వెళ్ళిన వేళ చూసుకుని వచ్చి, నా ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

"నిజం చెప్పు. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే నీకు మాఫీ వచ్చేదా?"

వచ్చేదే అని ఒక అబద్ధం ఆడితే ఆవిడకి ఆ పూట నిద్ర పట్టేది. "వచ్చేది కాదత్తా. నువ్వు చెప్పబట్టే వచ్చింది. నీ మేలు మర్చిపోను" అన్నాను, ఎంతో వినయంగా. అంత వినయంగా నేనెవరికీ వాత పెట్టలేదు.

"నా నోరు పడిపోను!" అని లేచి వెళ్ళిపోయింది.

ప్రయాణం ముందురోజు సాయంత్రం ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాను. నా బల్ల నాతోనే వస్తోంది. అవతల బొమ్మ చదువుతోంది, గొంతెత్తి. "గట్టిగా చదవవే! వినేవాళ్ళు వింటారు, పోయేదేముంది?" అని వాళ్ళమ్మ. దొంగలు వెళ్ళిపోతున్నారు కాబట్టి తలుపులు తీశారనుకున్నాను.

బొమ్మ ఒక సూత్రం తప్పు చదువుతోంది. ప్లస్ ఉండాల్సినచోట మైనస్ అంటోంది. మళ్ళీ మళ్ళీ అదే తప్పు, బాగా గట్టిపడేదాకా. నేను బట్టలు మడతపెడుతూ విన్నాను. చదవనీ, అనుకున్నాను. దానికి బల్లుంది, దీపముంది, వచ్చే ఏడుంది, పక్కన కూర్చునే అమ్మ ఉంది. నా దగ్గర ఉన్నది ఈ ఒక్క ప్లస్సే. ఇదీ ఇచ్చెయ్యాలా?

గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"అమ్మాయ్!" సోఫా అత్త గొంతు. తర్వాత అడుగులు దూరమయ్యాయి. వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. "ఇది... ఇది సరిగ్గానే చదువుతోందా?"

ఆ మాట పైకి రావడానికి ఆవిడ ఎంత కడుపుమంట మింగి ఉంటుందో నాకు తెలుసు. నా కడుపులో ఉన్నదీ అదే మంట.

"తప్పు చదువుతోందత్తా" అన్నాను. "అక్కడ మైనస్ కాదు, ప్లస్. మొదట్నుంచి చదవమను."

"విన్నావుగా! మొదట్నుంచి చదువు."

బొమ్మ మొదట్నుంచి చదివింది. నేను మడత సగంలో ఆపి, చెవి గోడకి ఆనించాను.

"ఇప్పుడో?" అంది అత్త.

"ఇప్పుడు సరిగ్గా ఉంది."

అవతల సోఫా కిర్రుమంది. అత్త కూర్చుంది.