కాలువ గట్టు, అత్తగారు, నా సైకిలు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఒక ఎలక్ట్రిక్ సైకిలు తెచ్చి హాల్లో నా ముందు నిలబెట్టి, "ఇట్ డస్ ఆల్ ద వర్క్ ఫర్ యూ, మమ్" అంది. అరవై దాటిన నా మోకాళ్ళ మీద జాలితో తెచ్చింది పాపం, కాదనను. కానీ పనిలో పనిగా షెడ్డులో మూలనున్న ఆ పాత సైకిలు పారేద్దామనేసరికి మాత్రం నాకు ఒళ్ళు మండింది. దాని జోలికొస్తే ఊరుకోనని గట్టిగానే చెప్పాను. అది తుప్పు పట్టిన ఇనుము కాదే తల్లీ, మీ నానమ్మా నేనూ కలిసి గెలిచిన కప్పు అంటే దానికేం అర్థమవుతుంది! ఆ రోజు అదీ అక్కడే ఉంది గానీ, చిన్నపిల్ల, దాని ధ్యాసంతా పులిహోర మీదే.

నా ఈడు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మన చిన్నప్పుడు సైకిలంటే మగపిల్లల సొత్తు. మా అన్నయ్యలు గంటకింతని అద్దె సైకిళ్ళు తెచ్చుకుని, సీటు అందకపోతే కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కి, మోచేతులు చెక్కించుకుని వీధంతా ఏలేవారు. నేనూ ఒకసారి ఎక్కబోతే మా నాయనమ్మ చూసి, కాలో చెయ్యో విరిగితే నిన్నెవడు చేసుకుంటాడే అని రెక్క పట్టుకుని దింపేసింది. అంతే, కాకినాడలో మెడిసిన్ చదివాను, పెళ్ళి చేసుకున్నాను, డబ్లిన్ వచ్చి బోమాంట్‌లో కాపురం పెట్టాను, మనుషులకి మత్తిచ్చి లేపే విద్యలో ఆరితేరాను, సైకిలు మాత్రం రాకుండానే నలభయ్యో పడిలో పడ్డాను.

అప్పుడు నేను పనిచేసే చోట ఏటా వేసవిలో ఒక శనివారం అందరూ కలిసి సైకిళ్ళ మీద రాయల్ కెనాల్ గట్టున వెళ్ళే ఆనవాయితీ ఉండేది. లీక్స్‌లిప్‌లో బయల్దేరి, మేనూత్, కిల్‌కాక్ దాటి, పొలాల మధ్యనున్న ఒక లాకు దగ్గర ఆగి భోంచేస్తారు. కారూ బస్సూ కంటపడని గ్రావెల్ బాట, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఆవులు. టీ తాగుతుంటే వార్డు సిస్టరు, మనసు వెన్న, గొంతు మాత్రం కంచు, అందరి ముందూ నువ్వూ వస్తున్నావుగా అని అడిగింది. రాదు అనొచ్చు కదా! అంటే నేను తెలుగుదాన్ని ఎలా అవుతాను? తప్పకుండా అన్నాను. సైకిలుందా అంటే ఉందన్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళొక సామెత చెబుతారు, పెద్దదాన్నయ్యాను కాబట్టి ఇక్కడ పూర్తిగా చెప్పను, మీకు తెలుసు.

ఇంటికొచ్చి ఏడుపు మొహంతో కూర్చున్నాను. అప్పుడప్పుడే ఆ డిపార్టుమెంటులో కుదురుకుంటున్న రోజులు. అక్కడ తెలుగు మొహం నాదొక్కటే, అందరి ముందూ వస్తానని గొప్పగా చెప్పి గట్టు మీద చతికిలబడితే రేపు ఆపరేషన్ థియేటర్లో నా మాటకి విలువేముంటుంది? మా ఆయన, డాక్‌ల్యాండ్స్‌లో కంప్యూటర్ల మధ్య బతికే మనిషి, కడుపునొప్పని చెప్పేయమన్నారు. డాక్టర్ల దగ్గర కడుపునొప్పి నాటకమా! ఆ మూల కుర్చీలో కిటికీ బయటికి చూస్తూ కూర్చున్న మా అత్తగారు అప్పుడు నవ్వారు. ఆరు నెలలుండి వెళ్దామని వచ్చి, వీధిలో మనిషన్నవాడు కనబడక దిగులుపడిపోతున్న ఆవిడ, ఈ దేశం వచ్చాక నవ్వడం అదే మొదలు.

"కాలువ గట్టా? గ్రావెలా? లాకులు కూడా ఉన్నాయిటే?" అన్నారు. ఉన్నాయన్నాను. "అయితే ఇంకేం, మన కోనసీమే. సైకిలు తెచ్చుకో, నే నేర్పిస్తా."

పెళ్ళికి ముందు ఆవిడ లాకులకి అవతలున్న బడిలో టీచరమ్మట. రోజూ గోదావరి కాలువ గట్టు మీద, పడవల్ని ఎక్కించి దించే లాకుల పక్క నుంచి, తమ్ముడి సైకిలు మీద బడికి వెళ్ళేవారట. కాపురానికొచ్చాక వాళ్ళత్తగారు, సైకిలెక్కే కోడలా, నలుగురూ నవ్విపోతారని అడ్డుపడితే ఉద్యోగం నిలుపుకుని సైకిలు మానేశారట. తర్వాత హెడ్‌మిస్ట్రెస్ కూడా అయ్యారు, ఎప్పుడూ రిక్షాలోనే. కన్నకొడుక్కే ఈ సంగతి తెలియదు. ఏ మాత్రం నిష్ఠూరం లేకుండా, నిన్న వండిన కూర గురించి చెప్పినట్టు చెప్పేసి, కాఫీ పెట్టమన్నారు.

పక్కింటివాళ్ళు అమ్మకానికి పెట్టిన ఆకుపచ్చ లేడీస్ సైకిలు కొన్నాం. సాయంత్రాలు ఆష్‌టౌన్ దగ్గర గట్టుకి వెళ్ళేవాళ్ళం. నేత చీర మీద మా ఆయన కోటు, కాళ్ళకి మేజోళ్ళూ చెప్పులూ, ఆ అవతారంలో ఆవిడ సీటు పట్టుకుని నా వెనక పరుగు. బడి పిల్లల్ని తిట్టిన గొంతు కదా, దారిన పోయేవాళ్ళు జడుసుకునేవారు. ఆవిడ పాఠమంతా ఒక్కటే మాట. "నీళ్ళకేసి చూడకే! ఎటు చూస్తే చక్రం అటే పోతుంది. వెళ్ళాల్సిన చోటుకేసి చూడు!" చూడొద్దన్నాక చూడకుండా ఉండగలమా? చూశాను, సైకిలుతో సహా తుంగలో పడ్డాను. కుక్కని తిప్పుకుంటున్న ఒక ముసలాయన పరుగున వచ్చి నన్ను లేపి, బురదలో నిలువెల్లా మునిగిన నన్ను చూస్తూ, యూ ఆర్ గ్రాండ్, గ్రాండ్ ఈవినింగ్ ఫర్ ఇట్ అన్నాడు. ఏమంటాడే అని మా అత్తగారు అడిగితే, నేను బాగానే ఉన్నానంటున్నాడని చెప్పాను. కళ్ళు కనబడవేమో పాపం అని ఆవిడ జాలిపడ్డారు. తర్వాత రోజూ ఆయన ఇంగ్లీషులోనూ ఆవిడ తెలుగులోనూ నా ప్రగతి గురించి చర్చించుకోవడం, ఇద్దరూ ఒకే చోట పెదవి విరవడం నేను కళ్ళారా చూశాను.

మొత్తానికి సైకిలు వచ్చింది. మెల్లగా, వంకరటింకరగా, భయంభయంగా వచ్చింది.

ఆ శనివారం అందరూ బిగుతు లాగులూ హెల్మెట్లతో దిగారు. నేను సల్వారు కమీజులో. చున్నీ గొలుసులో పడితే కొంప మునుగుతుందని మా అత్తగారు దాన్ని నా నడుముకి రెండు చుట్లు చుట్టి బిగించి కట్టి, లాకు దగ్గర కనబడతానని చెప్పి పులిహోర డబ్బాలతో, మా అమ్మాయిని వెంటేసుకుని మా ఆయన కారెక్కారు. మేనూత్ దాకా ఎలాగో అందరి వీపులూ చూస్తూ తొక్కాను, ఆ పైన వీపులు కూడా కనబడలేదు. సన్నగా వాన మొదలైంది. గ్రావెలు ముద్దయి చక్రాలకి అంటుకుంటోంది, తొడలు మండిపోతున్నాయి, అది చాలదన్నట్టు ఒక హంస పిల్లాజెల్లాతో బాటకడ్డంగా కూర్చుని నన్ను చూసి బుసకొట్టింది. ఓరి భగవంతుడా, సుకుమారి హంస అని మన కవులు చెప్పిందేమిటి, ఇదేమిటి! సైకిలు దిగి దానికి దణ్ణం పెట్టి, గడ్డిలోంచి నడిపించుకుపోయి మళ్ళీ ఎక్కాను.

కిల్‌కాక్ వంతెన దగ్గర వార్డు సిస్టరు నాకోసం ఆగి ఉంది. వానలో తడుస్తూ, ఎంతో ప్రేమగా, ఇక్కడే ఒకరి కారుంది, సైకిలు వెనకాల పెట్టేస్తాం, ఇందులో సిగ్గేమీ లేదు, వచ్చెయ్ అంది. ఆ మాట ఎంత తీపిగా వినబడిందో చెప్పలేను. పెద్దావిడ, తడుస్తూ నిలబడింది, కాదంటే ఏమనుకుంటుందో అని నాలో మొహమాటం అప్పుడే తలూపబోయింది. ఇంతలో లాకు దగ్గర గొడుగేసుకుని నిలబడి ఉండే మనిషి గుర్తొచ్చింది. నన్ను కారులోంచి దిగుతుండగా ఆవిడ చూడడమా? "నో. నేను తొక్కుతాను" అన్నాను, రెండు భాషలూ కలిపేసి. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషి మొహం మీద కాదని చెప్పడం నాకు అదే ప్రథమం. ఆ సిస్టరు నన్నొక క్షణం చూసి, గుడ్ వుమన్ అని, నా వెనకే తొక్కుతూ వచ్చింది.

ఆ చివరి దూరం నీళ్ళకేసి చూడలేదు. వాన వెలిసింది. మలుపు తిరిగేసరికి దూరంగా నల్లటి లాకు తలుపులూ, వాటి పక్కన గొడుగూ, గొడుగు కింద నేత చీరా. చూసిన చోటికే పోయింది చక్రం. అబ్బ, ఆ చప్పట్లు, ఆ కేకలు, ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి! నవ్వో ఏడుపో తెలియని దాంతో నేను ఊగిపోతున్నాను. మా అత్తగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. నా దగ్గరకొచ్చి, గొడుగు కొడుకు చేతిలో పెట్టి, హ్యాండిలు పట్టుకుని, "ఇప్పుడు నాకియ్యి" అన్నారు.

కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, ఎడం కాలు పెడలు మీద పెట్టి, రెండు గెంతులు గెంతి ఎక్కేశారు. మా ఆయన "అమ్మా! పడతావే!" అని కేకలు. ఎవరు విన్నారు! నలభై ఏళ్ళ పైచిలుకు ఎక్కడ దాచుకున్నారో ఆ విద్యని, నిటారుగా కూర్చుని, ఏ తొణుకూ లేకుండా గట్టెంట అవతల కనబడే వంతెన దాకా పోయి, దిగి సైకిలు తిప్పుకుని, మళ్ళీ ఎక్కి వచ్చారు. ఐరిష్ వాళ్ళంతా తింటున్నవి వదిలేసి లేచి నిలబడి ఈలలు వేశారు. ఆవిడ దిగి, కుచ్చెళ్ళు సర్దుకుని, "బ్రేకులు బాగున్నాయి" అన్నారు. అంతకు మించి ఆ రోజు గురించి ఎప్పుడూ ఏమీ మాట్లాడలేదు. కానీ ఊరికి వెళ్ళేదాకా రోజూ సాయంత్రం నాకంటే ముందు సైకిలు తాళం చెవి ఆవిడ చేతిలోనే ఉండేది.

ఇప్పుడా గట్టు నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ప్రత్యేకంగా వేసిన గ్రీన్‌వే అయింది. గ్రావెలు నున్నగా పరిచారు, కాఫీ కొట్లొచ్చాయి, బోర్డులొచ్చాయి, వెనక నుంచి ఎలక్ట్రిక్ సైకిళ్ళు చడీచప్పుడూ లేకుండా దాటిపోతున్నాయి. పడడానికి తుంగ కూడా లేదు చాలా చోట్ల. మన ఆడపిల్లలు గుంపులుగా వచ్చి తొక్కుతుంటే, వాళ్ళనెవరూ రెక్క పట్టుకుని దింపనందుకు కడుపు నిండిపోతుంది. మా అత్తగారు పోయి నాలుగేళ్ళయింది. అమ్మాయి తెచ్చిన కొత్త సైకిలు మీద నిన్న వెళ్ళాను. మోటారే లాగింది, ఒళ్ళు అలవలేదు, ఎవరూ తిట్టలేదు. నీళ్ళకేసి చూడలేదు. కిల్‌కాక్ దాటి ఆ మలుపు తిరిగాక మాత్రం, అక్కడ ఎవరూ ఉండరని తెలిసీ, లాకు పక్కకే చూశాను. చక్రం అటే పోయింది.