అంజలి విప్పని పొట్లం

మా చెల్లెలు అంజలి పదకొండేళ్లుగా కువైట్‌లో ఒకరింట్లో వంటమనిషి. మొగుడు వదిలేశాక వేంపల్లె నుంచి అట్లా పోయింది. రెండేళ్లకొకసారి సెలవు మీద వచ్చేది. వచ్చినా వచ్చినట్టు ఉండేది కాదు. మా ఇంట్లో కూడా టీ నిలబడే తాగేది. కోళ్లను కూడా అరబ్బీలో "యల్లా, యల్లా" అని అదిలించేది. కూర్చోవే అంటే, "కూర్చుంటే ఎవురో పిలిచినట్టే ఉంటాదక్కా" అని నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు భయం వేసేది.

మా ఊళ్లో ఎవరు కువైట్ పోతున్నా, అక్కడ తమ వాళ్లున్న ఇళ్లవాళ్లంతా తలా ఒక పొట్లం తెచ్చిస్తారు. ఊరగాయ, చెనిక్కాయల పొడి, ఓళిగలు. ఎవరూ కాదనరు. పోయిన ఎండాకాలం అంజలి ప్రయాణం రోజు మాత్రం ప్రతి పొట్లమూ అందరి ముందే విప్పింది. వాసన చూసింది, వేలు పెట్టి కలియబెట్టింది.

పక్కింటి రాజ్యలక్ష్మమ్మకు కోపం వచ్చింది. ఆమె కొడుకు అక్కడ డ్రైవరు.

"ఏమ్మే, మేము విషం కలిపి పంపిస్తాండామా?"

"విషమైతే నేనొక్కదాన్నే పోతా పెద్దమ్మా. గసగసాలుంటే జైలే. ఆడ మత్తుమందు కిందే లెక్క. పోయినేడు ఒకామె పట్టుబడింది, ఇంతవరకూ ఇంటి మొగం చూల్లేదు."

"గసగసాలకు జైలా! అట్లయితే మా అత్తకు ఉరే. పాయసంలో దోసెడు ఏసేది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పొద్దున్నే మాంసం కూరకని మసాలా పొడి దంచి, పాత చీర గుడ్డలో కట్టి పెట్టాను. అందులో గసగసాలున్నాయి. వేయొద్దని అంజలి ముందే చెప్పింది, ఎందుకో చెప్పలేదు. అవి లేకపోతే అది మా అమ్మ చేతి పొడి కాదు. మెత్తగా దంచితే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. జైలు మాట అప్పుడే విన్నాను.

"మీ అక్కది కూడా విప్పు మరి" అంది రాజ్యలక్ష్మమ్మ.

"మా అక్కది ఏం చూసేది?" అని అంజలి దాన్ని పెట్టె అడుగున పెట్టేసింది.

అంతమంది ముందు ఎట్లా చెప్పేది, వాళ్లు పోయాక చెబుదామనుకున్నాను. వాళ్లు పోకముందే ఆటో వచ్చింది.

రెండు రోజులకు గాబ్రియేలు ఫోన్ చేశాడు. మా ఊరివాడే, అక్కడ మనవాళ్ల కష్టసుఖాలు చూస్తుంటాడు.

"అక్కా, అంజలిని దిగిన కాడనే పట్టుకున్నారు. ఒక పొట్లంలో గసగసాలు దొరికినాయంట. ఎవురిచ్చినారంటే, నేనే కట్టుకున్నా అని వేలిముద్ర ఏసింది. నిజంగా ఎవురిదక్కా అది?"

"నాకు తెలీదు నాయనా" అన్నాను.

పొట్లం విప్పుతుంటే కోపగించుకుంది కదా అని ఊరంతా రాజ్యలక్ష్మమ్మనే అనుమానించింది; సొంత అక్కను ఎవరనుకుంటారు? కుళాయి దగ్గర ఆమె బిందె వెనక్కి నెట్టేవాళ్లు. ఒకరోజు మా గడప ముందుకు వచ్చి ఏడ్చింది. "నాది విప్పి చూసింది కదే. నువ్వన్నా చెప్పు." నేను తలుపు దగ్గరగా వేశాను.

జైల్లో అంజలికి శుక్రవారాలు రెండు నిమిషాలు ఫోన్ ఇచ్చేవాళ్లు. వాన పడిందా, అన్నం తిన్నావా అని అడిగేది. పొట్లం మాట ఎత్తేది కాదు. అయిదో శుక్రవారం నేను ఉండబట్టలేకపోయాను.

"అంజలీ, నువ్వు వద్దన్నా నేనే ఏసినా."

"నోరు మూయక్కా! వింటాండారు. నీకేం తెలీదు, నేనే..."

అక్కడితో తెగిపోయింది. ఆ తర్వాత రెండు శుక్రవారాలు ఫోన్ రాలేదు. గాబ్రియేలు చూడబోతే, ఆమె ఇక్కడ లేదు, వేరే చోటికి మార్చాం అన్నారట. ఎక్కడికో చెప్పలేదట.

"ఫోన్‌లో ఏమన్నా మాట్లాడినావా అక్కా?" అన్నాడు.

ఈసారి దాచలేదు. అంతా చెప్పాను.

"ముందు పోయి ఆ పక్కింటామెకు చెప్పు" అన్నాడు.

పోయాను. రాజ్యలక్ష్మమ్మ నన్ను చూసి తలుపు వేసుకుంది. బయట నిలబడే చెప్పాను, వీధిలో వాళ్లకు కూడా వినబడేటట్టు. లోపల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. గడియ తీయలేదు.

అంజలిని ఎక్కడ పెట్టారో గాబ్రియేలుకు ఇంకా తెలియలేదు.