కొంగు చాటు పిడికిలి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కర్నూలులో నేను అద్దెకుంటున్న ఈ ఒంటి గదిలో, కుక్కరు వెనకాల, మూత బిగించిన స్టీలు డబ్బా ఒకటుంది. అన్నానికి బియ్యం కొలిచాక, కడిగే ముందు, నా చెయ్యి దానంతటదే ఒక పిడికెడు వెనక్కి తీసి అందులో వేస్తుంది. ఉద్యోగానికి వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. ఇప్పుడా డబ్బా నిండింది, ఎవరికివ్వాలో మాత్రం తెలియదు. ఈ ఆదివారం పొద్దున కూడా ఫోనులో ఏదో పెద్ద చర్చి ఆరాధన పెట్టుకుని కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు. లేచి మూత తీశాను, పెట్టాను, కిటికీ దాకా వెళ్లాను, మళ్లీ వచ్చి తీశాను. బియ్యంలో ఒక పురుగు నడుస్తోంది.

నాలాగే చిన్న ఊళ్ల చర్చిల్లో చాపల మీద కూర్చుని పెరిగి, ఇప్పుడు పట్నాల్లో ఫోన్లలో ప్రసంగాలు వింటున్నవాళ్లకు ఈ పిడికెడు సంగతి తెలిసే ఉంటుంది. వేంపల్లె దగ్గర మా ఊళ్లో, ఆడవాళ్లు వారమంతా అలా తీసిపెట్టిన బియ్యాన్ని సంచుల్లో తెచ్చి, పాట జరుగుతుండగా ఒకరి వెనక ఒకరు వెళ్లి ముందున్న గంపలో పోసేవాళ్లు. పోసేటప్పుడు చేతిని కొంగుతో కప్పుకునేవాళ్లు, ఎవరెంత పోశారో పక్కవాళ్లకు కూడా కనబడకూడదని. సన్నబియ్యమూ, రేషను బియ్యమూ, మా పెద్దమ్మ తెచ్చే కొర్రలు కలిసిన బియ్యమూ అన్నీ ఆ గంపలో ఒకటైపోయేవి. ఆ వారం ఏ ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదో ఆ ఇంటికి పాస్టరు అయ్యగారి భార్య ఆ మూట చేర్చేది. ఎవరికి వెళ్లిందో చర్చిలో చెప్పే ఆచారం లేదు.

నేను హైస్కూలులో ఉండగా నాయన బండల గనిలో కాలు విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. వానలు కూడా లేని ఏడాది అది. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి కంచం ముందు కూర్చుంటే, అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉంది, తెల్లటి మెతుకుల మధ్య పసుపుపచ్చగా కొర్రలు కనబడ్డాయి. ఆ వారం గంప మూట మా ఇంటికే వచ్చిందని తెలిసిపోయింది. పాట పాడేటప్పుడు నా పక్కన కూర్చునే పెద్దమ్మ ముఖమే కళ్లముందు మెదిలింది.

ఆ తర్వాతి ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు. దేవుడు ఇంట్లోనూ ఉంటాడని, చదువుకోవడానికి బైబిలు ఉంటే చాలని, అసలే నలుగురిలో నోరు పెగలని నాకు ఇదే మేలని నాకు నేను చెప్పుకున్నాను. చదివాను కూడా, గానీ ఒక్క వాక్యం దగ్గరే కళ్లు తిరుగాడుతూ ఉన్నాయి, వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా తల ఎత్తాను. ఇకమీదట అక్కడ నాకు చోటుండదేమోనన్న భయం ఒక పక్క, ఏ ముఖంతో వెళ్లాలన్న సిగ్గు ఒక పక్క.

అంతకంటే పెద్ద గొడవ వారం మధ్యలో అయింది. ఎసరు పెడుతూ అమ్మ, వాళ్లిచ్చిన ఆ బియ్యంలోంచే పిడికెడు తీసి డబ్బాలో వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల బియ్యం వాళ్లకే పోస్తే నవ్వరా అని అరిచాను. గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా అవ్వ తలెత్తకుండానే అంది:

"నవ్వితే నవ్వనీ పాపా. పొయ్యకుంటే మనం ఊరికే తినేవాళ్లమైపోతాము. పిడికెడు పోస్తే మనమూ వాళ్లలో ఒగరము."

మరుసటి ఆదివారం పొద్దున పెద్దమ్మ నేరుగా మా ఇంట్లోకే వచ్చింది. మూలన పుస్తకం పట్టుకున్న నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పుస్తకం తింటే కడుపు నిండుతాదా పాపా? లేయ్. పోయిన వారం నువ్వు లేక మా పాట ఎనుముల మంద అరిసినట్ల ఉండె!"

మంచం మీది నుంచి నాయన కూడా నవ్వాడు. లేవక తప్పలేదు.

గంప దగ్గర అమ్మ ఆ పిడికెడు బియ్యాన్ని నా చేతిలో పోసి, తన కొంగు లాగి నా పిడికిలి మీద కప్పింది. ఆ కొంగు చాటున వేళ్లు తెరిచాను. వెనక్కి వచ్చేసరికి పెద్దమ్మ పాట ఆపకుండానే కొంచెం జరిగి చాప మీద చోటు చేసింది. ఆ కాస్త చోటు గురించి ఆ రోజు డైరీలో రాయబోయి రాయలేకపోయాను.

ఇక్కడ మా వీధి చివరే చర్చి ఉంది. చాలాసార్లు వెళ్లి, వెనక కుర్చీలో కూర్చుని, ముగింపు ప్రార్థనకు ముందే బయటపడ్డాను. కానుకలకు ఫోనుతో స్కాన్ చేసే అట్ట గోడకు అంటించి ఉంది, గంప లేదు. పాట బాగుంటుంది, గానీ నేను లేకపోతే అది ఎనుముల అరుపవుతుందని ఎవరూ అనరు. తప్పు వాళ్లది కాదేమో. పెద్దమ్మ వచ్చి లేపినట్టు ఎవరో వచ్చి లేపాలని నేనే ఎదురుచూస్తున్నాను. కింది వాటాలో ఒక ముసలామె ఆదివారాలు బైబిలు సంచి తగిలించుకుని, మెట్ల దగ్గర రిక్షా కోసం ఒంటరిగా నిలబడుతుంది. ఇన్నాళ్లలో ఆమె పేరైనా అడగలేదు.

ఫోను ఆపేశాను. బియ్యం చాటలో పోసి పురుగులేరి, మళ్లీ డబ్బాకెత్తాను. దాన్ని పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. కింద ఆ ముసలామె రిక్షా కోసం చూస్తోంది, ఒక మెట్టు దిగి ఆగాను. వేంపల్లె బస్టాండులో నన్ను కర్నూలు బస్సెక్కిస్తూ, ఖాళీగా ఉన్న ఈ డబ్బాను నా ఒళ్లో పెట్టింది అవ్వే. మళ్లీ నేను ఊరికి వెళ్లేసరికి ఆమెకు మాట పడిపోయింది, పోయేదాకా అది తిరిగి రాలేదు. అందుకే బస్సు కిటికీ ఊచల్లోంచి చెయ్యి దూర్చి ఆ రోజు అన్నవే అవ్వ నాతో అన్న ఆఖరి మాటలు:

"పిడికెడు తీసేది సులువే పాపా. పోసేదానికి మనుషులు కావల్ల. ఆడికి పోతానే ముందు వాళ్లను ఎతుక్కో."