బయటికొచ్చే మనిషిని అడుగు

డ్రిల్లు సారు పోయారన్న కబురు అందేటప్పటికి నా చేతిలో మా కాలేజీ పాంప్లెట్లు ఉన్నాయి. పెనుకొండ దగ్గర ఒక పల్లెలో, ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, ఇంటరు పాసైన వాళ్ళ చిన్నకొడుకును మా కాలేజీలోనే ఎందుకు చేర్చాలో ఆ ఇల్లాలికి వివరిస్తున్నాను. ప్రైవేటు కాలేజీల్లో చెప్పేవాళ్ళకు ఇది ఏటా తప్పని పని. అడ్మిషన్ల కాలం వచ్చిందంటే లెక్చరర్లమంతా ఊళ్ళు పంచుకుని, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పట్టుకురావాలి. బస్సులుంటాయి, హాస్టలుంటుంది, ల్యాబులుంటాయి అని నోటికొచ్చిన పాఠం అప్పజెప్పాలి. ల్యాబుల దాకా వచ్చాను, ఫోను మోగింది. మా పదో తరగతి స్నేహితురాలు. ఒక్క ముక్క చెప్పి ఏడ్చింది.

"ఎవరమ్మా పోయింది?" అని అడిగింది ఆ ఇల్లాలు.

"మా డ్రిల్లు సారు. పెనుకొండ హైస్కూల్లో చేసినాడు."

ఆమె చేతిలోని మజ్జిగ చెంబు కింద పెట్టేసింది. "అయ్యో, ఆయప్పా? మా పెద్దోన్ని హిందూపురం పిల్చుకపోయి ఐటీఐ చూపిచ్చింది ఆయప్పే గదమ్మా. నువ్వు ముందు ఆడికి పో తల్లీ. మీ కాయితాలు యాడికీ పోవులే."

పాంప్లెట్లు సంచిలో కుక్కుకుని బయలుదేరాను. ఆమె నన్ను మంచి శిష్యురాలు అనుకుని ఉంటుంది. ఆ మాట నిజమైతే ఎంత బాగుండేదో.

మీలో చాలామందికి సారు తెలియకపోవచ్చు. పేపర్లో పడే మనిషి కాదు. తెల్ల క్యాన్వాసు బూట్లు, మెడలో విజిలు, చేతిలో గుడ్డసంచి. పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారు, సైన్సు సారు వచ్చి ఆయన పీరియడ్లు లాక్కునేవారు. ఆయన నవ్వుతూ ఇచ్చేసేవారు. "నా పని మీరంతా అయిపోయినంక మొదలవుతాది లేప్పా" అనేవారు. అది ఉత్త మాట కాదు. పదో తరగతి ఫలితాలు వచ్చాక, మిగతా సార్లందరూ సెలవుల్లో ఉండగా, పిల్లల్ని వెంటేసుకుని ఆయన రైలెక్కేవారు.

నేను పదో తరగతి పాసైనప్పుడు మా నాయన వేరుశెనగ చేను వదిలిపెట్టి ఆయన దగ్గరికి వెళ్ళాడు. "సార్, పాపను ఏం చదివించల్ల?" అని అడిగాడు.

"నాకు తెల్దప్పా. పోయి చూద్దాం పా" అన్నారు సారు.

మా నాయనకు కోపమొచ్చింది. ఇంతమందికి దారి చూపిన మనిషి తెలియదంటాడేమని. దారంతా గొణుగుతూనే వచ్చాడు. సారు పెట్టిన షరతు ఇంకొకటి ఉంది: తల్లో తండ్రో తప్పకుండా రావాలి, కానీ పిల్ల నోరు తెరిచేదాకా వాళ్ళు నోరు తెరవకూడదు. మా నాయనకు అంత కష్టమైన రోజు ఇంకొకటి ఉండి ఉండదు.

పొద్దున ప్యాసింజరులో ధర్మవరం పోయాం. సారు మమ్మల్ని చీరల అంగడికి కాదు, ఒక నేతగాడి ఇంటి ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టారు. ఆ మనిషి మగ్గం గుంటలోంచి లేచి కాఫీకి బయటికొచ్చేదాకా ఆగాం. రాగానే సారు గుడ్డసంచిలోంచి ఉడకబెట్టిన శెనక్కాయలు తీసి ఆయన దోసిట్లో పోశారు. "ఊరికే అడిగితే ఎవరు చెప్తారబ్బా, చేతిలో ఏమన్నా పెట్టి అడగల్ల" అని మాకు మెల్లగా చెప్పారు. నేతగాడు కాయలు ఒలుచుకుంటూ, "నడుము పోతాది పాపా, కండ్లు పోతాయి. చీర కోసి మగ్గం మీద నుంచి దించే పొద్దు మాత్రం ఏ నొప్పీ గ్యాపకం రాదు" అన్నాడు. రెండు ముక్కలూ నిజమేనని మొహం చూస్తే తెలిసింది.

సారు పద్ధతి అదే. ఏ చోటికి పోయినా లోపలికి తీసుకెళ్ళేవారు కాదు. గేటు దగ్గర ఆపేవారు. పని వదిలే వేళకో, క్లాసులు వదిలే వేళకో అక్కడ ఉండేట్టు చూసుకునేవారు. "లోపలికి పొయ్యే మనిషికి అన్నీ ఆశలే ఉంటాయి. ఆఫీసులో కుచ్చున్న మనిషి అన్నీ మంచివే చెప్తాడు. బయటికొచ్చే మనిషిని అడుగు" అనేవారు. దూరపు కొండలు నునుపు అన్న సామెతను ఆయన వాడని రోజు లేదు. ఊరి కొండ వైపు చెయ్యి చూపించి, "మనకు పక్కనే ఉండాది గదా, ఎక్కి చూసినోని మోకాళ్ళనడుగు" అని దానికి తోక తగిలించేవారు.

మధ్యాహ్నం హిందూపురంలో దిగాం. ఐటీఐ చూశాక, చివరిగా ఒక కాలేజీ గేటు ముందు ఆగాం. ఇంటరూ డిగ్రీ ఒకే ఆవరణలో ఉన్న కాలేజీ. గంట కొట్టారు. బిలబిలమంటూ వస్తున్న పిల్లల్లో ఒక అక్క వేళ్ళకు నల్లటి మచ్చలున్నాయి. నాకు నోరు ఆగలేదు. "అక్కా, చేతులకేమైంది?" అన్నాను.

ఆమె నవ్వింది. "సిల్వర్ నైట్రేట్ పాపా. ల్యాబ్‌లో పడింది. సబ్బుతో రుద్దినా పోదు, దానంతట అదే పోవల్ల" అంటూ వేళ్ళు చూపించింది. సిగ్గుగా కాదు, గాజులు చూపించినట్టు చూపించింది. నీళ్ళలాంటి మందు చర్మం మీద పడి ఎండ తగిలితే నల్లగా మారుతుందని ఆమె చెబుతుంటే, నేను శెనక్కాయలు తినడం మర్చిపోయాను.

రైల్లో సారు మా నాయన వైపు తిరిగి, "ఇంగ మీరు మాట్లాడొచ్చప్పా" అన్నారు. మా నాయన, "మాట్లాడేదానికి ఏముంది సార్, పాప మొగమే చెప్తాంది" అన్నాడు.

ఆ కాలేజీలోనే చేరాను. నా వేళ్ళూ నల్లబడ్డాయి. పీజీ చేసి వచ్చి అక్కడే కెమిస్ట్రీ చెబుతున్నాను.

ఎందుకు సార్ మీరెప్పుడూ తెలియదంటారని తర్వాతెప్పుడో అడిగాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడికి, ఎవరో చెప్పిన మాట విని, ఫలానా కోర్సు చెయ్యి, ఫలానా ఊరికి పో అని గట్టిగా చెప్పారట. వాడు పోయాడు. అక్కడ కోర్సూ లేదు, పనీ లేదు. ఏడాది పాడుచేసుకుని వచ్చి, ఈయన్ను ఒక్క మాట అనకుండా నమస్కారం పెట్టి పోయాడట. "తిట్టింటే బాగుండు పాపా" అన్నారు సారు. "చెప్పినోనికేం, చెప్పి ఇంటికి పోయి సంగటి తింటాడు. బతికేది వాడు గదా."

రిటైరయ్యాక కూడా ఆయన ఆగలేదు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆయనకు ఇంకో గేటు దొరికింది. పని నేర్చుకుంటూ జీతం తీసుకునే అప్రెంటిసు పిల్లలు షిఫ్టు దిగి బస్సు ఎక్కే చోట, మెడలో ఆ పాత విజిలుతో నిలబడేవారు. "బస్సులో కూలబడి నిద్రపోయే పిల్లోల్లనూ చూడల్ల, చెయ్యి ఊపుకుంటా ఆ మిషన్ గురించి వాదులాడే పిల్లోల్లనూ చూడల్ల. ఇద్దరూ ఒగ బస్సులోనే పోతాండారు" అనేవారు. డిగ్రీ గొప్పదనీ అనలేదు, చేతిపని గొప్పదనీ అనలేదు. డిగ్రీ చేసి చేతిపనికి పోయినవాణ్ణి, చేతిపని నేర్చుకుని సాయంత్రం కాలేజీలో చదువుతున్నవాణ్ణి పక్కపక్కన నిలబెట్టి పిల్లల చేత మాట్లాడించేవారు.

పోయిన ఏడు ఇదే అడ్మిషన్ల కాలంలో ఆయన మా కాలేజీ గేటు దగ్గరికి వచ్చారు. వెంట కొంతమంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. క్లాసులు వదిలాం. మా పిల్లలు శెనక్కాయలు తింటూ ఉన్నదున్నట్టు చెప్పేశారు. పరీక్షల ముందు తప్ప ల్యాబు తెరవరనీ, రికార్డు పాతవాళ్ళది చూసి రాసుకుంటామనీ. చేరడానికి వచ్చిన కొందరు అట్నుంచి అటే పోయారు. ప్రిన్సిపాల్ కిటికీలోంచి చూశాడు. "మేడం, ఆయన మీ ఊరి సారే కదా. మీరే చెప్పండి" అన్నాడు.

నేను వెళ్ళాను. చూడగానే ఆయన మొహం వెలిగింది. "మా పాపే అప్పా. ఈడే చదివి ఈడే చెప్తాంది" అని పిల్లలకు పరిచయం చేశారు. సంచిలో చెయ్యిపెట్టి నా గుప్పిట్లో శెనక్కాయలు పోశారు. వాటిని పట్టుకునే, "సార్, మీరు ఈడ నిలబడితే బాగుండదు. పైవాళ్ళు చూస్తాండారు" అన్నాను.

ఆయన నన్ను కోప్పడలేదు. గేటు వైపు చూసి, "ల్యాబు తాళం ఎవరి దగ్గరుంటాది పాపా?" అని అడిగారు.

"నా దగ్గరే సార్."

"ఓ, నీ దగ్గరేనా" అన్నారు. అంతే. విజిలు కూడా ఊదలేదు, చేత్తోనే సైగ చేసి పిల్లల్ని రోడ్డు దాటించి, అవతల చెరకు రసం బండి పక్కన నిలబెట్టారు. గేటు మాది గానీ రోడ్డు అందరిదీ కదా.

ల్యాబు తెరిస్తే కెమికల్స్ దండగ అని మేనేజ్‌మెంటు వాళ్ళు అన్న మాట నిజమే. సిలబస్ అయిపోవాలన్నదీ నిజమే. కానీ తాళంచెవి ఏళ్ళ తరబడి నా హ్యాండుబ్యాగులోనే ఉంది. ఒక్కసారైనా నాకై నేను తెరిచి, ఉన్నవాటితో ఏదో ఒకటి చేయించి ఉండొచ్చు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఆ సంగతి ఆయన ఒక్క ప్రశ్నతో తేల్చేశారు. ఆ తర్వాత ఆయనకు మొహం చూపించలేకపోయాను. ఒంట్లో బాగాలేదని తెలిసింది. వచ్చే ఆదివారం పోదాం, వచ్చే ఆదివారం పోదాం అనుకున్నాను. పెనుకొండ ఎంత దూరమని, రైలెక్కితే నిద్ర పట్టేలోగా వస్తుంది.

సారు పోయిన రోజు ఆయన ఇంటి ముందు కాలు పెట్టడానికి చోటు లేదు. ఫ్యాక్టరీ యూనిఫారాలతోనే వచ్చిన అబ్బాయిలు, నర్సులు, నేతగాళ్ళు. సారు భార్య నన్ను చూసి చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది. పక్కవాళ్ళతో, "ఈ పాపే. ల్యాబులో పిల్లోల్లకు బాగా చేయించి చూపిస్తాదంట. మీ సారు ఎప్పుడూ చెప్తాండె" అంది.

అంటే ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. నేను గేటు దగ్గర నుంచి పంపేశానని చెప్పలేదు సరికదా, లేని మంచి కూడా కట్టబెట్టి పోయారు. ఆ చెయ్యి వదిలించుకుని పారిపోవాలనిపించింది. తిట్టి ఉంటే బాగుండేదన్న ఆయన మాట అప్పుడు అర్థమైంది.

పెద్దకర్మ అయిపోయింది. మళ్ళీ కాలేజీ, మళ్ళీ పాంప్లెట్లు. మొన్న సాయంత్రం క్లాసులు వదిలాక గేటు దాటుతుంటే, రోడ్డవతల చెరకు రసం బండి పక్కన ఒక ఆడపిల్ల, వాళ్ళ నాయన నిలబడి ఉన్నారు. తెల్ల చుడీదారు వేసుకుంది. ఆయన చేతిలో కాగితం పొట్లం. పిల్ల ఆ పొట్లం తీసుకుని రోడ్డు దాటి నా దగ్గరికే వచ్చింది. పొట్లంలోంచి శెనక్కాయలు తీసి నా చేతిలో పెట్టింది.

"మేడం, మీరు లోపల నుంచేనా వస్తాండేది?"

"అవును పాపా."

"మాది ధర్మవరం. ఇంటరు అయిపోయింది. ఫ్యాక్టరీలో అప్రెంటిసుకు రమ్మన్నారు. నాకు కెమిస్ట్రీ అంటే ఇష్టం. రెండు గేట్లూ చూసి చెప్పమన్నాడు మా నాయన. పెనుకొండ సారు జబ్బు పడక ముందు చెప్పిపోయినాడు, బయటికొచ్చే మనిషిని అడగమని. ఈడ ల్యాబు చేయిస్తారా మేడం?"

వాళ్ళ నాయన వెనకే వచ్చి నిలబడ్డాడు. మాట్లాడకూడదన్న షరతు ఆయనకూ తెలుసు. సంచిలో పాంప్లెట్లున్నాయి, నోట్లో పాఠముంది. చేయిస్తామని ఒక్క ముక్క అంటే చేరిపోయేది. పిల్ల నా మొహం చూడటం లేదు. శెనక్కాయలు పట్టుకున్న నా వేళ్ళు చూస్తోంది. వాటి మీద ఒక్క మచ్చ కూడా లేదు.

"పోయి చూద్దాం పా" అన్నాను.

ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్ళాను. తాళం మొండికేసింది. ఆ నాయన నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని, కొంచెం వంచి తిప్పితే వచ్చింది. లైటు వేశాను. బల్లల మీద మందంగా దుమ్ము. బ్యూరెట్లు సాలెగూళ్ళలో వేలాడుతున్నాయి. సిల్వర్ నైట్రేట్ సీసా అడుగంటి ఉంది. ఎప్పటి నుంచి ఇలా ఉందో, తాళం ఎవరి దగ్గరుందో, ఏమీ దాచకుండా చెప్పాను. వచ్చే ఏడు ఇలా ఉండదని మాత్రం చెప్పలేదు. ఆ మాట మీద నమ్మి చేరితే బతికేది ఆ పిల్ల కదా.

పిల్ల బల్ల మీద వేలితో ఒక గీత గీసింది. "పోయొస్తాం మేడం, ఆ గేటు కూడా చూడల్ల" అంది బయటికి నడుస్తూ.

నేను గేటు దాకా వచ్చి నిలబడ్డాను. పెనుకొండ రైలుకు టైమవుతోందని వాళ్ళ నాయన తొందరపెడుతున్నాడు. ఆ పిల్ల దుమ్ముకు నల్లబడిన వేలు తెల్ల చుడీదారుకు తగలకుండా చెయ్యి దూరంగా పట్టుకుని, ఎక్కడ కడుక్కోవాలా అని అటూ ఇటూ చూసుకుంటూ, స్టేషను వైపు నడిచి వెళ్ళింది.