కాఫీపొడిలో సూది

గాజువాకలో గురునాథరావు ఇంటికి మంచి చొక్కా వేసుకుని ఎవరూ వెళ్ళేవారు కాదు. కారణం కాఫీ. తాగినవాడికి ప్రమాదం లేదు. అది దిగుతుంటే ఎదురుగా నిలబడ్డవాడికే.

రెండువేల సంవత్సరంలో, పాత ఓడల సామాను అమ్మే దుకాణంలో పొడిలోంచి వేడినీళ్ళని జోరుగా తోసే ఇటలీ కాఫీ మిషనొకటి ఆయనకి దొరికింది. స్టీల్‌ప్లాంటులో ఖనిజం, కోకుబొగ్గు కొలిమిలోకి పొరలు పొరలుగా సమంగా పడేలా చూడడం ఆయన ఉద్యోగం. ఇంట్లో ఆ కొలిమి అరచేతిలో పట్టేంతయింది. చిల్లుల గిన్నెలో పొడి వేసి, బెండుముక్కకి గుచ్చిన సూదితో ఉండలు విడగొట్టి, చదును చేసి, బిళ్ళతో నిటారుగా అదిమేవాడు. మొత్తం ఇరవై నిమిషాలు.

"వదులెక్కడుంటే నీళ్ళు అక్కడే దూరిపోతాయి బావా. కొలిమిలో గాలైనా అంతే" అనేవాడు ఎదురుగా నిలబడ్డవాడితో.

తప్పు కంటికి కనబడాలని గిన్నె అడుగున కాఫీని కప్పులోకి దించే గొట్టం కూడా కోయించేశాడు. దాంతో పొడి ఓ పక్క వదులైతే కాఫీ కప్పులోకి కాక ఎదుటివాడి చొక్కా మీదకి చిమ్మేది. ఇన్సూరెన్సు ఏజెంటు త్రినాథరావు ఆ వీధికే రావడం మానేశాడు. వీధివాళ్ళు దాన్ని ఉపకారంగానే తీసుకున్నారు.

గొట్టం కోసినవాడూ, అదిమే బిళ్ళ చేసిచ్చినవాడూ పక్కింటి ఎల్లాజీ. ఆటోనగర్‌లో లేతు మిషను మీద వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు. రెండువేల మూడు వేసవిలో అతని కుడిచెయ్యి మిషన్లో నలిగింది. ఎముక అతికింది గానీ వేళ్ళకి వణుకు పట్టుకుంది. "దసరాకి సెయ్యి నిలబడితే రా. లేపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాను" అన్నాడు షాపు ఓనరు. చూడవచ్చినవాళ్ళందరూ దేవుడున్నాడన్నారు. దేవుడు లేతు నడపడని ఎల్లాజీకి తెలుసు.

గురునాథరావు దేవుడి మాట ఎత్తలేదు. "నాకు కళ్ళు ఆనట్లేదు. పొద్దున్నే వొచ్చి పొడి సదును సెయ్యి" అన్నాడు.

"నా సెయ్యి సంగతి తెలిసే అడుగుతన్నావా బావా?"

"నాకు కాఫీ కావాలి. నీ సెయ్యి సంగతి నాకెందుకు?"

మొదటిరోజు సగం పొడి నేల మీద పడింది. మిగతా సగం కాఫీ అయి గురునాథరావు బనీను మీద పడింది. ఆయన తుడుచుకోలేదు.

"తూర్పు పక్క వదులుంది. మళ్ళీ."

రోజూ మూడుసార్లు, నాలుగుసార్లు. ఎల్లాజీకి ఒళ్ళు మండేది. "నన్ను పనోణ్ణి సేసుకున్నాడప్పా" అని గురునాథరావు భార్య చిలకమ్మతో మొత్తుకునేవాడు. ఆవిడ బనీన్లు ఆరేస్తూ వినేది. వాటి మీద మరకలు నెమ్మదిగా చిన్నవయ్యాయి, తర్వాత చుక్కలయ్యాయి.

దసరా రెండురోజులుందనగా ఎల్లాజీ సూది తిప్పి, అదిమి, గిన్నె బిగించాడు. కాఫీ గిన్నె మధ్యనుంచి దారంలా దిగింది. ఎదురుగా గురునాథరావు తెల్లచొక్కాలో నిలబడి ఉన్నాడు. పెళ్ళిళ్ళకి తప్ప బీరువా దాటని చొక్కా. ఒక్క చుక్క పడలేదు.

"ఇయ్యాల ఆ సొక్కా ఏటి బావా?"

"నీతో షాపుకి రావాలి కదా."

ఎల్లాజీ కప్పు ఆయన ముందుకు జరిపాడు. "తాగు మరి, ఎల్దాం."

"ఆయనకెందుకు తమ్ముడా, నువ్వే తాగు" అంది చిలకమ్మ లోపల్నుంచి. "బీపీ అని డాట్రు ఉగాదికే కాఫీ మాన్పించేసినాడు. ఇన్నాళ్ళూ నానే కర్వేపాకు మొక్కలో పోత్తన్నాను."

ఎల్లాజీ గురునాథరావు వైపు తిరిగాడు. ఆయన వినిపించుకోలేదు. చొక్కా బొత్తాం ఒకటి వదులైందని, బెండులోంచి సూది లాగి, ఒక్కసారికే దారం ఎక్కించేశాడు, ఆ కళ్ళు ఆనని మనిషి.