మేనత్త ఎత్తిన కాలు

మా మేనత్త పోయిందని ముడిమ్యాల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన నడుము ఆమెది. దాన్ని పాడుచేసిన పెద్దమనిషి మాత్రం మొయినాబాద్ ఫాంహౌస్‌లో హాయిగా ఉన్నాడు. నేను క్షమించలేదు, క్షమించను కూడా.

అత్త ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు కాలితో తంతే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. చేవెళ్ల నుంచి కూడా జనం వచ్చి ఆమె వాకిట్లో బోర్లా పడుకునేవాళ్లు. మడమతో మెల్లగా ఒకటి తన్ని, "లే, పో, పని జూస్కో" అనేది. టీ తాగించకుండా మాత్రం ఎవరినీ పంపేది కాదు.

సాఫ్ట్‌వేర్ డబ్బు మా చేన్ల మీదికి వచ్చిపడ్డ రోజుల్లో ఆ ఫాంహౌస్ సారు దగ్గర అత్త తోటపనికి కుదిరింది. గృహప్రవేశం తొందరలో ఆయన ఆమెతో రాతిబెంచీ మోయించాడు. అత్త అక్కడే కూలబడింది. "వయసు కదా, అరుగుతుంది" అని మరునాడే పనిలోంచి తీసేశాడు.

దవాఖానలో డాక్టరు ఓపికగా చెప్పాడు. వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్కులో కణాలు కొద్దిగానే ఉంటాయి, వాటికి రక్తం నేరుగా అందదు. దెబ్బ తగిలితే ముందు బాగుచేసుకోవాలని చూస్తాయి. చేతగాకపోతే వాపు పుట్టించే పదార్థాలు వదిలి, తామున్న మెత్తనే కరిగించుకుంటాయి. తన్నించుకుంటే ఇంకా చెడుతుందని కూడా హెచ్చరించాడు.

"పగవట్టినయన్నమాట బిడ్డా, నా లెక్కనే" అన్నది అత్త. డాక్టరు చెప్పినదాంట్లో ఆమె నమ్మింది అదొక్కటే.

కొన్నేళ్లకు, కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని ఆ సారు నడుమే పట్టేసింది. ఎవరో చెబితే కారులో వచ్చి, అత్త వాకిట్లోనే బోర్లా పడుకున్నాడు.

"అవ్వా, ఒక్కసారి కాలు పెట్టు" అని మూలిగాడు.

అత్త గోడ పట్టుకుని కాలెత్తింది. నాకు డాక్టరు మాట గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. "తన్నత్తా! గట్టిగ తన్ను!" అని అరిచాను.

ఆమె కాలు దించేసింది. "వయసు గద సారూ, అరుగుతది" అని లోపలికి పోయింది. డ్రైవరు వచ్చి ఆయన్ని లేపాడు. ఆ ఇంట్లో టీ తాగకుండా వెళ్లింది ఆయనొక్కడే.

"గంత జేసినోనికి నయం జెయ్యమంటవారా?" అని తర్వాత నన్ను నాలుగు తిట్టింది.

నిన్న పాడె మీద ఆమె పాదాలు గుడ్డలోంచి బయటికి వచ్చాయి. పగుళ్లు తేలిన ఆ మడమలనే చూస్తూ వెనకాల నడిచాను. ఒక్క తన్ను అలాగే మిగిలిపోయింది.