రికార్డు రెండో దిక్కు

చిట్యాలలో హైవే పక్కన, హైదరాబాద్ బస్సులు ఆగే చోటుకు ఎదురుగా నాకొక మైక్‌సెట్టు దుకాణం ఉండేది. రెండు హారన్లు, ఒక యాంప్లిఫయరు, ఒక రికార్డ్ ప్లేయరు, కరెంటు లేని ఊళ్ళ కోసం ఒక బ్యాటరీ, రెండు పెట్టెల రికార్డులు. చుట్టుపక్కల ఎవరింట పందిరి వేసినా మైకు నాదే. లెక్కలేనన్ని పెండ్లిళ్ళు చేశాను, నాది ఒక్కటి తప్ప. అమ్మ పోయాక దుకాణమే ఇల్లయింది. ఒంటికాయ శొంఠికొమ్మునని నలుగురూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే జాలిపడతారు, అది నాకు అస్సలు పడదు.

పక్క దుకాణం దర్జీది. ఏడో తరగతి దాకా తెలుగు బడిలో నాతో చదివిన ముస్లిం దోస్తు. మా ఇద్దరి మధ్య చెక్క గోడ. అతని మిషను చప్పుడు నాకు, నా పాటలు అతనికి. పని లేనప్పుడు నా స్టూలు మీద వచ్చి కూర్చునేవాడు. వింటూ వింటూ లేచి, ప్లేయరు సూదిని వేలితో తడిమి చూసి తిట్టేవాడు.

"గీ సూదికి ఎన్ని పెండ్లిళ్ళాయెరా? బట్టకైనా పాటకైనా సూది అరిగితే ఖరాబే. మార్చు."

మారుస్తాననేవాణ్ణి. ఎన్నడూ మార్చలేదు.

ఎనభైల మధ్యలో అతను సౌదీ పోయాడు. రెండేళ్ళే అన్నాడు. అతని దుకాణంలోకి ఎరువుల బస్తాలు వచ్చాయి. బస్తాలు మిషను కుట్టవు, తిట్టవు. పొద్దున షట్టరు తీసినప్పుడు ఆ చెక్క గోడ వైపు చూడబుద్ధయ్యేది కాదు.

ఏడాది గడిచాక, సెలవు మీద వచ్చిన ఒకాయన చేతికిచ్చి ఒక రికార్డు పంపాడు. అక్కడి పాత సామాన్ల బజారులో కొన్నదట. అట్ట మీద గుండ్రని పెద్ద జుట్టుతో ఒక నల్లజాతి మనిషి, కాళ్ళకు ఎత్తు మడమల బూట్లు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివితే 'ఫంక్' అని వచ్చింది. అంటే ఏమిటో తెలియదు. అమెరికాలో పది రకాల బృందాలు పాడిన పాటలు ఏరి ఒకే పళ్ళెంలో పెట్టారని మాత్రం అర్థమైంది. అట్ట వెనక పెన్సిలుతో తెలుగులో రాసి ఉంది: "ఒకటో దిక్కు విను. రెండో దిక్కు నేనొచ్చినంక ఇద్దరం విందాం."

రికార్డు చేతికొస్తే మైకువాళ్ళం ముందు చూసేది మధ్య రంధ్రాన్ని. పెట్టేటప్పుడు ప్లేయరు ఇరుసు రంధ్రంలో పడక జారితే అక్కడి కాగితం మీద సన్నని గీత పడుతుంది. గీతలను బట్టి ఎంత వాడారో చెప్పవచ్చు. ఒకటో వైపు గీతలే లేవు. రెండో వైపు బోలెడు. ఎవరో పాత యజమాని పని అనుకున్నాను.

ఒకటో వైపు పెట్టాను. లావు తీగల గిటారు ముందు నడుస్తోంది, పాడేవాడు దాని వెనక నడుస్తున్నాడు. డ్రమ్ము ఒక దెబ్బ వేయవలసిన చోట వేయకుండా ఊరిస్తుంది, మన కాలు ఆ దెబ్బను వేసేస్తుంది. ఒక్కణ్ణే దుకాణంలో కాలు ఆడిస్తూ కూర్చొని, ఈ మాట చెప్పడానికి ఎవరూ లేరే అనుకున్నాను.

ఉండబట్టలేక ఒక పెండ్లిలో వేశాను. పెండ్లికూతురు తండ్రి ఉరికి వచ్చాడు. "గిదేం లొల్లయ్యా? సన్నాయి పెట్టు!" సన్నాయి పెట్టాను. పందిరి వెనక గడ్డి మంట మీద డప్పులు కాపుకుంటున్న పెద్దాయన మాత్రం నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"గా కొట్టేటోళ్ళు యే ఊరోళ్ళు?"

"చానా దూరం తాతా."

"వాళ్ళు గూడ మంట మీద కాపుకొనే కొడ్తున్నరు, తెలుస్తాంది" అని పోయాడు. ఆ మాట నా దోస్తుకు ఉత్తరంలో రాశాను. దాచుకోదగ్గ మాటేదైనా దొరికితే అతనికే రాసేవాణ్ణి.

రెండేళ్ళూ అయిపోయాయి. మనిషికి బదులు ఉత్తరం వచ్చింది, ఇంకో రెండేళ్ళు ఉంటున్నానని. అది ఆషాఢం. ముహూర్తాలుండవు, దుకాణానికి మనిషి రాడు. మిట్టమధ్యాహ్నం ఉత్తరం మళ్ళీ చదివాను. ఒళ్ళు మండిపోయింది. నువ్వు మాట తప్పితే నేనెందుకు తప్పకూడదు అని రికార్డు తిరగేసి రెండో వైపు పెట్టేశాను.

ఒకటో వైపు కన్నా బాగుంది. బాగుండడమే తప్పయింది. ఆ తర్వాత ఆషాఢమని, మూఢమని, వానని వంక పెట్టి ఎన్నిసార్లు విన్నానో. అయిపోగానే దొంగలా రికార్డును అట్టలో పెట్టేవాణ్ణి. ఉత్తరాల్లో మాత్రం రెండో వైపు నీ కోసమే ఉంచానని రాస్తూ వచ్చాను.

నాలుగేళ్ళకు నెల సెలవు మీద వచ్చాడు. ఇంటినిండా చుట్టాలు. వచ్చిన మూడు వారాలకు గానీ నా దుకాణం మెట్టెక్కలేదు. అప్పటికి ఊరంతా క్యాసెట్లు, రికార్డులు అటకెక్కాయి. ఈ ఒక్కటి మాత్రం చేతికందేటట్టే ఉంది. అతను అదే స్టూలు మీద కూర్చొని రికార్డును వెలుతురుకు పట్టి రంధ్రం వైపు చూశాడు. దొరికిపోయాను. నా పక్కన కూర్చొని నేర్చిన విద్యే కదా.

"విన్నవ్" అన్నాడు.

"విన్న. నువ్వు రాకపోతివి."

కోప్పడతాడనుకున్నాను. వేలితో గీతలు చూపించాడు. "వీట్ల సగం నావే. కంపెనీ గదిల ఎవడో ఇడిసిపోయిన ప్లేయరు ఉండె. పంపకముందు శుక్రారం శుక్రారం గీ దిక్కే విన్న."

"మరి నన్నెందుకు వద్దన్నవ్‌రా?"

"ఇద్దరం వినేటిది ఒక్కటన్న మిగలాలె గద యార్" అని తల వంచుకున్నాడు.

పెడదామని లేచాను. కరెంటు పోయింది. బ్యాటరీ చార్జింగుకు ఇచ్చి రెండు రోజులైంది, తెచ్చుకోలేదు. మైక్‌సెట్టువాడి దుకాణంలో బ్యాటరీ లేదు! కరెంటు వస్తుందేమోనని అరగంట చూశాము. ఆ లోపల అతని తమ్ముడు వచ్చి, అబ్బా పిలుస్తున్నాడని తీసుకుపోయాడు. ఆ వారం నేను బయటి ఊళ్ళ పెండ్లిళ్ళకు పోయాను, అతను చుట్టాల ఊళ్ళకు పోయాడు. మళ్ళీ కుదరలేదు.

పోయేరోజు అతని ఇంటివాళ్ళంతా బస్సు దగ్గర చేరారు. నేను రోడ్డు దాటలేదు. దాటితే గుంపులో నిలబడి చెయ్యి ఊపడమే. ముందురోజే బ్యాటరీ తెచ్చిపెట్టుకున్నాను. దుకాణం పైకప్పు మీద రెండు హారన్లూ బస్సుల వైపు తిప్పి కట్టాను. అతను పెట్టె పైకెత్తించి బస్సెక్కగానే రెండో వైపు పెట్టి, సౌండు గుండీ చివరిదాకా తిప్పాను.

హైవే మీద లారీల మోత, ఆడవాళ్ళ ఏడుపు, వాటి మధ్య ఆ లావు తీగల గిటారు. హోటలాయన బయటికొచ్చి "ఎవరి పెండ్లిరా?" అని అరిచాడు. మొదటి పాట అయింది. రెండో పాట మొదట్లోనే సూది ఒకచోట ఎగిరి పడింది. అతను ఏ కిటికీ దగ్గర కూర్చున్నాడో కనబడలేదు. ఏ కిటికీలోంచీ చెయ్యి బయటికి రాలేదు. బస్సు కదిలిపోయింది. వినలేదేమో అనుకున్నాను. పాటను ఆపబుద్ధి కాలేదు, అది అయిపోయేదాకా మెట్టు మీద కూర్చొని ఏడ్చాను.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. చేరానని, ఎండలు బాగా ఉన్నాయని, ఎప్పటి మాటలే. కింద మిగిలిన జాగాలో ఒక ముక్క: "రెండో పాట కాడ ఎగురుతాంది. సూది మార్చుమని ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు?"

ఆ వారమే హైదరాబాద్ పోయి కొత్త సూది తెచ్చాను. దాన్ని ఇప్పటిదాకా బిగించలేదు. మేమిద్దరం కలిసి విన్నది ఆ ఎగిరే పాటనే.